మొండిదాని ఆకలి

పోయిన వారం వదినను ఆసుపత్రిలో బరువు తూచే యంత్రం మీద నిలబెట్టి వదిలేశాం. పాపం, ఇప్పటికైనా దిగనిద్దాం.

ముల్లు ఆగిన చోటు చూసి పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని చూసినా ముల్లు అక్కడే ఉంది. “ఈ పూట మందు ఎక్కించను,” అంది. “ఇంత చిక్కిన ఒళ్ళు తట్టుకోలేదు. గుండె సంగతి కూడా చూసుకోవాలి. ఇంటికెళ్ళి బాగా తిను. కాస్త ఒళ్ళు చేసి రా, అప్పుడు మళ్ళీ మొదలుపెడదాం.” వదిన బుద్ధిమంతురాలిలా తలూపింది. నోటికి ఏదీ సహించడం లేదని, అదంతా మందుల మహిమేనని చెప్పింది. డాక్టరమ్మ నమ్మింది. పక్కన నిలబడ్డ అన్నయ్య నమ్మాడు. పిచ్చుక కూడా నమ్మింది. చదివిన మీరూ నమ్మారు, నాకు తెలుసు.

ఈ వారమే మన గడపలో అడుగుపెట్టిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. పిచ్చుక అంటే వదిన ఆడపడుచు. వదిన కొత్త కోడలిగా వచ్చేసరికి ఆ ఇంట్లో అత్తగారు లేరు. పలక పట్టుకుని బడికి పోయే ఈ పిల్ల ఉంది. అన్నం పెడితే నాలుగు మెతుకులు ఏరుకుని తుర్రుమనేది, అందుకే పిచ్చుక అయింది. ఆ పిచ్చుక చేత తినిపించడానికి వదిన ఒక ఉపాయం కనిపెట్టింది. కథ మొదలుపెట్టి, రాకుమారుడు బావిలో పడగానే ఆపేసేది. గిన్నె ఖాళీ అయితే గానీ రాకుమారుడు పైకి వచ్చేవాడు కాదు. ఎంతమంది రాకుమారులను అలా బావిలో పడేసిందో ఆవిడకే తెలియాలి. మొత్తానికి పిచ్చుక పెరిగి పెద్దదయింది.

ఇప్పుడామె ఒక పెద్ద పరిశోధనశాలలో పనిచేస్తోంది. రొమ్ము క్యాన్సర్ కణాలను చిన్న చిన్న పళ్ళాల్లో పెంచి, అవి ఆగకుండా ఎందుకు పెరుగుతాయో, ఉన్న చోట ఉండకుండా ఎందుకు పాకుతాయో చూడడం ఆమె ఉద్యోగం. సరిగ్గా ఆ జబ్బే వదినకు వచ్చిందని తెలిసిన రోజు పిచ్చుక ఏమైపోయిందో మొదట్లోనే రాశాను. అది రెండోసారి రాయడం నా వల్ల కాదు.

ఆసుపత్రుల నుంచి ఆ పరిశోధనశాలకు వచ్చే గడ్డ ముక్కల మీద పేరుండదు, ఒక అంకె ఉంటుంది. ఎవరివని అడగకూడదు. వట్టి అంకెలతో కాపురం చెయ్యలేక పిచ్చుక వాటికి ముద్దుపేర్లు పెట్టుకుంది. ఒకటి సోమరి, ఒకటి గయ్యాళి, ఇంకొకటి మొండిది. మొండిది వచ్చిన తీరే వేరు. తెచ్చిన పెట్టె గొళ్ళెం విరిగిపోతే మూత ఊడకుండా ఎవరో ఆకుపచ్చ నాడాతో కట్టి పంపారు. పిచ్చుక కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే ముడి విడిపోయింది. నాడా ముచ్చటగా ఉందని పారెయ్యకుండా మైక్రోస్కోపు మెడకు చుట్టి ఉంచుకుంది.

ఈ కబుర్లన్నీ ఇంట్లో భోజనాల దగ్గర నడిచేవి. “మీ మొండిది ఏం చేస్తోందే?” అని వదిన చుట్టాల పిల్లను అడిగినట్టు అడిగేది. మందు పోస్తే మొండిది లొంగి పడుకుందని పిచ్చుక చెప్పిన రోజు దర్జీ పని చేసే ఆవిడకు ఎంత సంబరమైందంటే, ఎవరిదో కోటుకి రెండూ ఎడమ చేతులే కుట్టింది. కానీ ఈ వారం మొదట్లో ఆ మొండిది మందులోనే ఉండి మళ్ళీ లేచింది. కొత్త దారి ఏదో వెతుక్కుంది. ఆ దారిని కూడా మూసే రెండో మందు కలిపి పిచ్చుక ఒక పళ్ళెం వెచ్చటి పెట్టెలో పెట్టింది, రేపు పొద్దున తీసి చూడాలి. ఇదేదీ ఇంట్లో చెప్పలేదు. ఉన్న దిగులు చాలదా అనుకుంది.

ఇక ఈ సాయంత్రానికి వద్దాం.

అన్నయ్య సిటీ బస్సు నడుపుతాడు. ఆసుపత్రి నుంచి వాళ్ళిద్దరినీ ఇంటి దగ్గర దింపి, “చిలక్కి చెప్పినట్టు చెప్పింది డాక్టరమ్మ, కాస్త తినవోయ్,” అని భార్యను బతిమాలి డ్యూటీకి పోయాడు. పోతూ పోతూ ప్యాంటు నడుం దగ్గర సర్దుకున్నాడు. వదిన ఆ సర్దుబాటు చూసి మొహం తిప్పుకుంది. పిచ్చుక అప్పుడు చూడలేదు.

వీధి వైపు గది వదిన దర్జీ కొట్టు. గోడకు పెద్ద అద్దం, మూలన తల లేని బొమ్మ, కిటికీ కింద మోటారు మిషను, దాని కింద కాలితో తొక్కే పెడల్. పిచ్చుక వంటింట్లో సూప్ కాచి, ఉడికిన గుడ్లు రెండు చిదిమి కలిపి, రొట్టె ముక్కలతో పాటు గిన్నె పట్టుకుని ఆ గదిలోకి వచ్చింది. వదిన అప్పటికే మిషను ముందు కూర్చుని ఉంది. ఆసుపత్రి చీటీ చేతికి ఇంకా కట్టుకునే ఉంది, తీసే తీరిక కూడా లేనట్టు.

“అక్కడ పెట్టు, తింటాలే,” అంది తల ఎత్తకుండా.

కుర్చీలో బట్టలున్నాయి. కూర్చుందామని పిచ్చుక వాటిని తీసింది. పైన ఉన్నది వదిన గౌను, లోపలి వైపు బయటికి తిప్పి ఉంది. పక్క కుట్టు పక్కనే పాత కుట్టు విప్పిన సన్నటి రంధ్రాలు వరసగా కనిపించాయి. దాని పక్కన ఇంకా పాత వరస. చెరువులో నీళ్ళు ఇంకిపోయేటప్పుడు గట్టున మిగిలే గీతల్లా ఉన్నాయి. పిచ్చుక వేలితో ఆ గీతలను తడిమింది.

“ఇవన్నీ ఎప్పుడు బిగించావు వదినా?”

“వదులైనప్పుడల్లా. దర్జీదాన్నే వేలాడే గౌను వేసుకుని కూర్చుంటే కొట్టుకి ఎవరొస్తారే?”

“ఇప్పుడు మిషను మీద ఉన్నదేంటి?”

“మీ అన్నయ్య ప్యాంటు.”

“బిగిస్తున్నావా?”

వదిన గుడ్డ మీదికి ఇంకాస్త వంగింది. పిచ్చుక దగ్గరికి పోయి చూసింది. నడుం దగ్గర కుట్టు విప్పి, ఉన్న గుడ్డంతా బయటికి లాగి, అదీ చాలక లోపల ఇంకో ముక్క అతుకు వేస్తోంది. ఒకే ఇంట్లో ఒకే సూది ఒకరికి బిగిస్తూ ఒకరికి వదులు చేస్తోంది. రెండు కేరేజీలు మోసుకుపోతున్న అన్నయ్య, “మందులు మింగుతూ కూడా మీ వదిన నాకెంత వండి పెడుతోందో చూడు,” అని మురిసిపోయిన మొహం పిచ్చుకకు గుర్తొచ్చింది. “నేనిందాకే తినేశాను, మీరు కానివ్వండి,” అని సాయంత్రం పూట వదిన చెప్పే మాట గుర్తొచ్చింది.

“నీ వాటా అంతా అన్నయ్య కేరేజీలో సర్దేస్తున్నావు కదూ?”

వదిన కాలు పెడల్ మీద నుంచి లేచింది. మిషను ఆగింది.

“నోటికి సహించడం లేదన్నావు డాక్టరమ్మతో.”

“అన్నాను.”

“అబద్ధం.”

“అబద్ధమే.” వదిన మొదటిసారి తలెత్తి చూసింది. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి, అయినా అందులో తప్పు చేసిన పిల్ల నవ్వు ఒకటి తొంగి చూసింది. “ఆకలి ఎందుకు లేదే? నువ్వు ఆ గుడ్లు చిదుముతున్నప్పటి నుంచీ ప్రాణం లాగేస్తోంది. వాసన తగలకుండా కిటికీ తెరిచాను, చూడు.”

“మరి ఎందుకు?”

“నువ్వే కదా చెప్పావు.”

పిచ్చుకకు అర్థం కాలేదు. వదిన ప్యాంటు మడత పెట్టి పక్కన పెట్టింది. చెప్పక తప్పదనుకున్నప్పుడు ఆవిడ చేతులకు ఏదో ఒక పని కావాలి.

“ఆ మధ్య భోజనాల దగ్గర చెప్పావు. మీ కణాలకి రోజూ పోసే చిక్కటి ద్రవం తీసేసి పలచటిది పోస్తారట. తెల్లారేసరికి అన్నీ పెరగడం మానేసి కదలకుండా పడి ఉంటాయట. ఆకలికి మాడిస్తే ఎంతటి గయ్యాళైనా లొంగుతుందని నవ్వావు. ఇంతలో ఫోను మోగితే లేచిపోయావు. నేను అప్పటి నుంచీ అదే ఆలోచించాను. ఈ మాయదారిది నా ఒంట్లో కూర్చుని నా తిండే తింటోంది. దాని పళ్ళెంలో పోసేది నేనే. నేను పొయ్యడం మానేస్తే అదీ పడుకుంటుంది కదా అనుకున్నాను.” ప్యాంటు మడతను మళ్ళీ సరిచేసింది. “మందుకి తోడుగా నా వంతు సాయం నేను చేస్తున్నాననుకున్నానే పిచ్చుకా.”

పిచ్చుక గిన్నె కింద పెట్టేసింది. మిషను పక్కనే నేల మీద కూలబడి వదిన మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఇంత చదువూ చదివింది, ఇన్ని పళ్ళాలు పెంచింది, తాను నవ్వుతూ విసిరిన ఒక్క మాట ఈ మనిషి కడుపు మాడ్చేసింది. ఏడుపు ఆగలేదు. ఏడుపుతోపాటు కోపం కూడా వచ్చింది, అది ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

“ఛ, ఊరుకో,” అంది వదిన ఆమె జుట్టు సవరిస్తూ. “నువ్వు తప్పు చెప్పావా?”

“తప్పు కాదు వదినా. సగం చెప్పాను.”

“మరి రెండో సగం చెప్పు.”

పిచ్చుక తలెత్తింది. మొహం చేత్తో తుడుచుకుని, కింద పెట్టిన గిన్నె తీసి, చెంచా వదిన చేతిలో పెట్టింది. “ముందు ఒకటి తిను.”

“తింటే?”

“తింటే చెబుతాను. నువ్వు ఆపితే నేనూ ఆపేస్తాను. నీ రాకుమారులందరినీ బావిలోంచి లాగడానికి నేనెంత తిన్నానో గుర్తుందా?”

వదిన ఆమెను తేరిపారా చూసింది. తన ఉపాయం తన మీదకే తిరిగొచ్చినందుకు కోపం రావాలా మురిసిపోవాలా తేల్చుకోలేక, ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. మింగడానికి చాలాసేపు పట్టింది. కళ్ళు మూసుకుంది. అంత ఆకలితో ఉన్న మనిషి మొదటి చెంచా తింటుంటే చూడడం పిచ్చుకకు కష్టమైంది, కిటికీ వైపు చూసింది.

“మేము పళ్ళెంలోంచి తిండి తియ్యం వదినా,” అని మొదలుపెట్టింది. “చక్కెర ఉంటుంది, ఉప్పు ఉంటుంది, వాటికి కావలసినవన్నీ ఉంటాయి. మేము తీసేది కబురు. ఒంట్లో కణాలు వాటంతట అవి పెరగవు. పెరగమని కబురు రావాలి. గ్రోత్ ఫ్యాక్టర్ అంటాం దాన్ని. దెబ్బ తగిలిందనుకో, చర్మం మళ్ళీ మూసుకోవాలి కదా, అప్పుడు ఆ కబురు వస్తుంది. పని అయిపోగానే ఆగిపోతుంది.”

“కబురు ఎవరికి చెబుతుంది?”

“ఇంకొకటి తిను.”

వదిన తింది.

“నీ మిషనుకి పెడల్ ఉంది చూడు, అలాంటిది కణం పైన ఉంటుంది. కబురు వచ్చి దాన్ని తొక్కుతుంది. తొక్కితే లోపల తీగ గుండా సంగతి మోటారు దాకా పోతుంది, సూది ఆడుతుంది. కాలు తీస్తే ఆగుతుంది. మా సోమరీ, గయ్యాళీ అలాంటివే. పలచటి ద్రవం పోశామంటే కాలు తీశామన్నమాట. అందుకే పడుకున్నాయి.”

“నాది?”

పిచ్చుక గిన్నె వైపు చూపించింది. వదిన ఈసారి అడిగించుకోకుండానే రెండు చెంచాలు తింది. రొట్టె ముక్క కూడా ఒకటి తుంచి ముంచుకుంది.

“నీ రిపోర్టులో హెర్-టూ అని రాసి ఉంది కదా. అది ఆ పెడలే. మామూలు కణానికి ఏవో కాసిని ఉంటాయి. నీ గడ్డలో కణాలకి కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. చోటు చాలక ఒకదాని మీద ఒకటి పడి, ఒకదాన్నొకటి తొక్కేసుకుంటున్నాయి. వాటికి కాలు అక్కర్లేదు. కబురు వచ్చినా రాకపోయినా సూది ఆడుతూనే ఉంటుంది. నువ్వు తిన్నా మానినా వాటికి లెక్కలేదు.”

వదిన చెంచా గాలిలో ఆగింది. “అంటే నేను మాడింది ఊరికేనా?”

పిచ్చుక దీనికి తేలిగ్గా జవాబు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. “ఊరికే అయినా బాగుండేది,” అంది నెమ్మదిగా. “మాడింది గడ్డ కాదు, నువ్వు. నీకు ఎక్కించే మందు ఉంది చూడు, అది ఆ పెడళ్ళకి పోయి అతుక్కుంటుంది.”

“పెడల్ కింద చెక్కముక్క పెట్టినట్టు.”

“అంతే. నా కన్నా నువ్వే బాగా చెప్పావు. తొక్కినా కిందికి దిగదు. ఇంకో పని కూడా చేస్తుంది. ఆ కణాల మీద జెండా పాతినట్టు నిలబడుతుంది. ఆ జెండా చూసి నీ ఒంట్లో కాపలా కణాలు వచ్చి వాటి పని పడతాయి. ఆ కాపలా వాళ్ళకి తిండి ఎవరు పెట్టాలి? నువ్వే. ఆ మందు కొంచెం గుండెని కూడా అలిసిపోయేలా చేస్తుంది, అందుకే డాక్టరమ్మ గుండె గుండె అంటుంది. ఆ గుండెకి బలం ఎక్కణ్ణుంచి రావాలి? నీ కేరేజీ తిని అన్నయ్య గుండె గట్టిపడితే మనకేం లాభం?”

వదినకు నవ్వు వచ్చింది. నవ్వుతుంటే దగ్గు వచ్చింది. పిచ్చుక వీపు నిమిరింది. చేతికి ఎముకలు తగిలాయి. ఇన్నాళ్ళూ ఈ వీపును ఒక్కసారి కౌగిలించుకుని ఉంటే తెలిసిపోయేది కదా అనుకుంది.

“పాకడం మాటేంటి?” అంది వదిన, దగ్గు తగ్గాక. ఇన్నాళ్ళూ అడగని ప్రశ్న అదేనని పిచ్చుకకు తెలిసిపోయింది. “పక్కకి పాకుతాయన్నావు ఒకసారి. ఎముకల్లోకి, ఊపిరితిత్తుల్లోకి.”

“అదీ ఆ తీగ పనే. కణాలు ఒకదానికొకటి కుట్టినట్టు పట్టుకుని ఉంటాయి. సూది అదేపనిగా ఆడుతుంటే ఆ కుట్లు విడిపోతాయి. ఊడిన కణం ఒంటరిగా బయలుదేరి, చోటు దొరికిన దగ్గర కూర్చుంటుంది. నీవి ఇంకా బయలుదేరలేదు. స్కాన్లో ఎక్కడా కనబడలేదు. అవి బయలుదేరకముందే చెక్కముక్క గట్టిగా పెట్టాలి. ప్రతిసారీ, వేళకి. అందుకే ఈ పూట మందు ఆగిపోవడం నాకు అంత భయం.”

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. వదిన మిషను పెడల్ మీద ఒట్టి కాలు పెట్టి, నొక్కకుండా ఊరికే నిమిరినట్టు చేసింది.

“ఎంత పిచ్చిదాన్నే,” అంది.

“నువ్వు కాదు, నేను. ఇకనుంచి సగం చెప్పి లేచిపోను. ఫోను మోగినా సరే.”

“ఒట్టేనా?”

“ఒట్టు. నువ్వూ గిన్నెలో సగం వదలకూడదు.”

“అలాగే. నేనడిగింది నువ్వు దాచకు, నువ్వు పెట్టింది నేను వదలను.” వదిన చెయ్యి చాపింది. పిచ్చుక ఆ అరచేతిలో చెయ్యి వేసింది. చిన్నప్పుడు బడి గేటు దగ్గర ఇద్దరూ ఇలాగే ఒప్పందాలు చేసుకునేవాళ్ళు. సూది గుచ్చుకుని గుచ్చుకుని గరుకుబారిన ఆ వేలికొనలు పిచ్చుకకు లోకంలో అన్నిటికన్నా ఇష్టం.

“అయితే ఈ గౌన్లన్నీ మళ్ళీ వదులు చెయ్యాలన్నమాట,” అంది వదిన, ఉత్సాహంగానే. గిన్నె ఒళ్ళో పెట్టుకుని, మిషను కింది అరలోంచి ఒక మూట లాగింది. బిగించిన గౌన్లు ఇంకొన్ని ఉన్నాయి అందులో. మూటకు కట్టిన ఆకుపచ్చ నాడా కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. ముడి విడిపోయి నాడా జారి పిచ్చుక ఒళ్ళో పడింది.

పిచ్చుక దాన్ని చూసింది. చేతిలోకి తీసుకుంది. పక్కన ఉన్న మడత గుడ్డ మీద అనుకోకుండానే చుట్టి, రెండు మెలికలు వేసి, కొస బయటికి వదిలి ముడి వేసింది. కొస లాగింది. విడిపోయింది. పలకసంచి ముడి విప్పుకోలేక బడిలో ఏడ్చే పిల్ల కోసం వదిన కనిపెట్టిన ముడి అది. ఊళ్ళో ఏ దర్జీ అలా కట్టగా ఆమె చూడలేదు.

పరిశోధనశాలలో ఆ పెట్టె మూత మీద ముడిని ఒక్క లాగుతో విప్పింది కూడా ఈ చెయ్యే. చెయ్యి గుర్తుపట్టింది, తనకే తెలియలేదు.

“వదినా,” అంది. “నీ గడ్డలోంచి ముక్క తీసిన రోజు, ఆసుపత్రిలో...”

“పసిగట్టావా?” వదిన చెంచాతో గిన్నె అంచు గోకుతూ నవ్వింది. “నర్సమ్మ అడిగింది, పరిశోధనకి ఒక ముక్క ఎక్కువ ఇస్తారా అని. ఎక్కడికి పోతుందంటే మీ భవనం పేరే చెప్పింది. నాకెలాగూ అక్కర్లేని ముక్క, మన పిచ్చుక చదువుకైనా పనికొస్తుందని ఇచ్చాను. పెట్టె మోసే ఆయన గొళ్ళెం విరిగి నానా తంటాలు పడుతున్నాడు. సంచిలో నాడా ఉంటే నేనే కట్టిచ్చాను. నీ దగ్గరికి చేరేలోపు ఊడిపోకూడదు కదా.”

“నాకెందుకు చెప్పలేదు?”

“ఎవరిదో తెలియకూడదని మీ రూలట కదా. పైగా నాదని తెలిస్తే నీ చెయ్యి వణుకుతుంది. నాడా కట్టిన పెట్టె వచ్చిందని నువ్వు భోజనాల దగ్గర చెప్పినప్పుడే నాకు తెలిసిపోయింది. నువ్వు దాన్ని మొండిదని తిడుతుంటే నవ్వాపుకోలేక చచ్చేదాన్ని.”

పిచ్చుక నాడాను వేళ్ళకు చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. మొండిది తప్పించుకున్నది వదినకు ఎక్కించే మందునే. అయినా పళ్ళెంలో జరిగినట్టే ఒంట్లో జరగాలని లేదు. ఆ మాట ఆమె ఎంతోమందికి చెప్పింది, అది నిజం కూడా. వెచ్చటి పెట్టెలో రెండో మందు కలిపిన పళ్ళెం ఉంది, రేపు పొద్దున అది ఏ కబురైనా చెప్పవచ్చు. ఇవన్నీ తెలుసు. ఒక్క రోజు గడువు దొరికితే చాలు, రేపటి పళ్ళెం చూసి చెప్పవచ్చు. కానీ ఇందాక చేతిలో చెయ్యి వేసి పట్టుమని పది నిమిషాలు కూడా కాలేదు.

వదిన మరో చెంచా నింపుకుంది. చాలా రోజుల తర్వాత ఆవిడ బుగ్గల్లో కాస్త రంగు కనిపించింది.

“రోజూ అడుగుతుంటే ఈ వారమంతా మాట దాటేస్తున్నావు, నేను గమనించలేదనుకోకు,” అంది. “ఇప్పుడు పూర్తిగా చెప్పు. నా మొండిది మందులో ఇంకా పడుకునే ఉందా, లేచిందా?”

గిన్నెలో ఇంకా సగం ఉంది.